39 డిగ్రీల గదిలో 4.2 గిగాహెర్ట్జ్: ఒక పెళ్లి వీడియో స్టూడియో కేసు

పెళ్లికూతురు తల వంచింది. చుట్టూ ఉన్నవాళ్ల చేతులు అక్షింతలతో పైకి లేచాయి. సరిగ్గా అప్పుడే తెర మీద కుడి మూలన నాలుగైదు ఆకుపచ్చ గడులు తళుక్కున మెరిసి మాయమయ్యాయి. స్టూడియో కుర్రాడు వీడియో ఆపి, వెనక్కి జరిపి, మళ్లీ చూపించాడు.

"అన్నా, కెమెరా కార్డులో ఇది లేదు. ఎక్స్‌పోర్ట్ చేసినప్పుడే వస్తోంది. నిన్న చేస్తే అప్పగింతల దగ్గర వచ్చింది, ఇవాళ తాళి దగ్గర."

మచ్చ చోటు మారుతోందన్న ఆ ఒక్క మాటతో సగం రోగం తెలిసిపోయింది. ప్రతిసారీ ఒకే ఫ్రేములో వస్తే ఫైలునో సాఫ్ట్‌వేర్‌నో అనుమానించాలి. అదే ఫైలు, అవే సెట్టింగులు, ఫలితం మాత్రం రోజుకో రకం అంటే లెక్కలు చేసే యంత్రమే తప్పుతోందన్న మాట.

అతనిది మిర్యాలగూడలో పెళ్లి వీడియోల స్టూడియో. నా కంప్యూటర్ రిపేరు దుకాణం నల్లగొండలో, గడియారం సెంటర్‌కు నాలుగు అడుగుల దూరంలో. మే నెల సగం గడిచింది. వైశాఖ ముహూర్తాల పెళ్లిళ్లు అయిపోయి, పదకొండు కుటుంబాలు వీడియో కోసం రోజూ ఫోన్లు చేస్తున్నాయి. ఎక్స్‌పోర్ట్‌కు, అంటే ఎడిట్ చేసినదాన్ని తుది వీడియో ఫైలుగా మార్చడానికి, ముందుకంటే ఎక్కువ సమయం పడుతోందని, రెండు రోజులకోసారి కంప్యూటర్ తనంతట తానే రీస్టార్ట్ అవుతోందని కూడా చెప్పాడు. ఫోన్లు చేసే కుటుంబాలకు ఇవేవీ పట్టవు.

యంత్రం వివరాలు: ఏఎండీ రైజెన్ 5 3600 ప్రాసెసర్, ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. కంపెనీ లెక్కలో మూల వేగం 3.6, గరిష్ఠ బూస్ట్ 4.2 గిగాహెర్ట్జ్. బీ450 చిప్‌సెట్ ఉన్న చవక రకం మదర్‌బోర్డు, 120 మిల్లీమీటర్ల ఫ్యాను ఉన్న టవర్ కూలర్, 16 జీబీ ర్యామ్. గ్రాఫిక్స్ కార్డు బాగా పాతది కావడంతో ఎక్స్‌పోర్ట్ భారమంతా ప్రాసెసర్ మీదే పడుతుంది. క్రితం డిసెంబరులో ఒక వీడియో చూసి అతనే ఓవర్‌క్లాక్ చేసుకున్నాడు, అంటే కంపెనీ సెట్టింగు దాటి వేగం పెంచుకున్నాడు. అన్ని కోర్లకూ స్థిరంగా 4.2 గిగాహెర్ట్జ్, 1.35 వోల్టులు. భారం పడ్డప్పుడు వోల్టేజీ పడిపోకుండా చూసే లోడ్‌లైన్ కాలిబ్రేషన్‌ను బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగులుండే చోట) ఉన్న అత్యధిక స్థాయికి పెట్టాడు. అప్పుడు గంట పరీక్షలో 80 డిగ్రీలు దాటలేదట. తెర ఫొటో కూడా తీసి పెట్టుకున్నాడు, పాస్ సర్టిఫికెట్‌లాగా.

నా మొదటి పొరపాటు

సీపీయూ పెట్టెను నల్లగొండకు తెమ్మన్నాను. మాకు రీస్టార్ట్ కేసుల్లో మొదట గుర్తొచ్చేది కరెంటే కాబట్టి యూపీఎస్ పక్కన పెట్టి నేరుగా సాకెట్‌లో పెట్టాను. రాత్రంతా మెమ్‌టెస్ట్86 నడిపితే ర్యామ్‌లో ఒక్క తప్పూ దొరకలేదు. తెల్లారి ప్రాసెసర్‌తో బరువైన లెక్కలు చేయించి తప్పులు పట్టే ప్రైమ్95 గంటసేపు నడిపాను. 86 డిగ్రీల దాకా వెళ్లింది కానీ ఆగలేదు, తప్పు చూపలేదు. అతని పెళ్లి ప్రాజెక్టునే ఎక్స్‌పోర్ట్ చేస్తే మచ్చ లేకుండా వచ్చింది. వేడి కాస్త ఎక్కువే అనిపించినా, విండోస్ ఫైళ్లేవో పాడయ్యాయనుకొని వాటిని సరిచేసి పంపేశాను.

మూడో రోజు ఫోను. మళ్లీ గడులు.

నా దుకాణంలో ఏసీ ఉంది. అది 26 మీద నడుస్తుంది. అతని స్టూడియోలో ఏసీ లేదు. ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నవాడు మొదటి నిమిషంలో అడగవలసిన ప్రశ్న నేను అడగలేదు: "నీ గదిలో ఎంత వేడి?"

కూలర్ ఏదైనా గాలితో పనిచేసేదైతే, అది చిప్‌ను గది కంటే చల్లగా చేయలేదు. గదికి పైన ఎన్ని డిగ్రీల తేడాతో నిలబెట్టగలదన్నదే దాని సత్తా. అతని డిసెంబరు ఫొటోనే చూడండి. ఆ రోజు గది 24 అనుకుంటే, చిప్ 80. తేడా 56. అదే సెట్టింగు, అదే కూలర్, అదే పని మేలో 39 డిగ్రీల గదిలో పెడితే 39కి 56 కలపాలి, 95 అవుతుంది. రైజెన్ 5 3600కు ఏఎండీ చెప్పిన గరిష్ఠ ఉష్ణోగ్రత కూడా 95. అంటే డిసెంబరులోనే ఈ కేసుకు మే నెల ముహూర్తం ఖాయమైంది.

మిర్యాలగూడలో చూసింది

మధ్యాహ్నం రెండు గంటలకు వెళ్లాను. కావాలనే ఆ సమయం ఎంచుకున్నాను. జేబులో చవక రకం డిజిటల్ థర్మామీటర్, వైరు చివర సెన్సర్ ఉండేది. గది మధ్యలో 39 చూపించింది. తర్వాత సెన్సర్‌ను సీపీయూ గాలి పీల్చుకునే చోట పెట్టాను. రెండు నిమిషాల్లో 45కు ఎక్కింది.

కారణం ఎదురుగానే ఉంది. వడ్రంగితో చేయించిన అందమైన బల్ల, దాని కింద సీపీయూకు సరిగ్గా కొలిచి చేసిన అర. మూడు వైపులా చెక్క, వెనక గోడ. వెనక నుంచి వదిలిన వేడిగాలి పోయే దారి లేక, పక్కనుంచి తిరిగి ముందుకొచ్చి మళ్లీ లోపలికే పోతోంది. యంత్రం తన ఊపిరినే తాను పీల్చుకుంటోంది.

పక్క మూత తీశాను. మిర్యాలగూడ గురించి తెలిసినవాళ్లకు లోపల ఏముందో చెప్పనక్కరలేదు. సాగర్ ఎడమ కాలువ కింద వరి, వరి వల్ల రైసు మిల్లులు, మిల్లుల వల్ల గాల్లో ఊక, తవుడు దుమ్ము. మామూలు ఇంటి దుమ్ము ఊదితే లేస్తుంది. ఇది లేవదు. తవుడులో నూనె ఉంటుంది కాబట్టి ఆ పొడి అల్యూమినియం రేకులకు అతుక్కుని, దాని మీద మరో పొర పేరుకుని, చివరికి గొంగడి ముక్కలా తయారవుతుంది. ఫ్యాను వెనక వైపు రేకుల మధ్య ఎక్కడా వెలుతురు కనబడలేదు. పళ్లు కుట్టుకునే పుల్లతో గీరితే పొర మొత్తం ఒక్క ముక్కగా ఊడి వచ్చింది.

శుభ్రం చేయకముందే, ఉన్నది ఉన్నట్టుగా కొలతలు తీసుకున్నాను. ఇది చాలామంది మరచిపోయే పని. ముందు కొలవకపోతే, తర్వాత దేనివల్ల బాగైందో చెప్పలేం. యంత్రం లోపలి వేడి, వేగం చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరిచి, రెండు సెకన్లకోసారి కొలతలను ఫైల్లో రాసేలా పెట్టి, ఎప్పటి పెళ్లి ప్రాజెక్టునే ఎక్స్‌పోర్ట్‌కు వదిలాను. నాలుగో నిమిషానికి చిప్ 95 తాకింది. థర్మల్ థ్రాట్లింగ్ (వేడి తట్టుకోలేక చిప్ తన వేగం తానే తగ్గించుకోవడం) గడిలో 'లేదు' కాస్తా 'అవును' అయింది. 4.2 అని రాసి పెట్టిన వేగం కిందకీ పైకీ ఊగులాడడం మొదలైంది. ప్రాసెసర్‌కు కరెంటు అందించే వీఆర్‌ఎం భాగం 106 డిగ్రీలు. యాభై నిమిషాల లోపు కావలసిన ఎక్స్‌పోర్ట్ 64 నిమిషాలు తీసుకుంది.

వీఆర్‌ఎం గురించి ఒక మాట. ప్రాసెసర్‌తో పాటు పెట్టెలో వచ్చే చిన్న కూలర్ గాలిని కిందికి, బోర్డు మీదికి కొడుతుంది. అది పీకేసి టవర్ కూలర్ పెడితే ప్రాసెసర్‌కు సుఖమే కానీ, గాలి బోర్డుకు సమాంతరంగా పోతుంది కాబట్టి పక్కనున్న వీఆర్‌ఎంకు అంతకుముందు ఉచితంగా దొరికిన గాలి పోతుంది. చవక బోర్డుల్లో ఆ భాగం మీద సరైన హీట్‌సింక్ కూడా ఉండదు. కూలర్ మార్చి ఓవర్‌క్లాక్ చేసేవాళ్లు ప్రాసెసర్ అంకె ఒక్కటే చూసి మురిసిపోతారు.

తర్వాత విండోస్ రాసుకునే చిట్టా, ఈవెంట్ వ్యూయర్ తెరిచాను. నిజానికి నల్లగొండలోనే తెరవవలసింది. హార్డ్‌వేర్ తప్పులను నమోదు చేసే డబ్ల్యూహెచ్‌ఈఏ లాగర్ పేరుతో ఈవెంట్ 18లు వరసగా ఉన్నాయి, ప్రాసెసర్ లోపలి చిన్న మెమరీ అయిన కాష్ దగ్గర దిద్దలేని తప్పు జరిగిందని. తేదీలు చూడండి: డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి ఖాళీ. మార్చి చివర ఒకటి. ఏప్రిల్‌లో నాలుగు. మేలో అప్పటికే తొమ్మిది. అన్నీ మధ్యాహ్నం పన్నెండు తర్వాతే. ఇంత స్పష్టంగా వాంగ్మూలం ఇచ్చే యంత్రాలు నాకు తరచుగా దొరకవు.

వేడెక్కితే లెక్క ఎందుకు తప్పుతుంది

ఒక వేగంలో లెక్క సరిగ్గా రావాలంటే, ఒక గడియారపు టిక్కుకూ మరో టిక్కుకూ మధ్య చిప్‌లోని సంకేతాలన్నీ గమ్యం చేరాలి. వోల్టేజీ పెంచితే అవి త్వరగా చేరతాయి. చిప్ వేడెక్కితే ఆలస్యమవుతాయి. 80 డిగ్రీల దగ్గర 4.2కు సరిపోయిన 1.35 వోల్టులు 95 దగ్గర చాలవు. అప్పుడొక సంకేతం ఆలస్యంగా చేరుతుంది, ఒక బిట్ తప్పు పడుతుంది. అది విండోస్ కీలక భాగంలో పడితే రీస్టార్ట్. వీడియో ఫ్రేములో పడితే ఆకుపచ్చ గడి. ఇంకెక్కడైనా పడితే ఎవరికీ తెలియదు. నన్ను ఎక్కువగా భయపెట్టేది ఈ మూడోదే.

చాలదంటే వోల్టేజీ ఇంకాస్త పెంచితే? అతను అదే అడిగాడు. "అన్నా, మామూలు సెట్టింగ్‌లో కూడా చిప్ తనంతట తానే 1.45 దాకా తీసుకుంటోంది కదా, నేను చూశాను. మరి 1.4 పెడితే తప్పేమిటి?"

చూసింది నిజమే. అయితే చిప్ ఆ 1.45 ఎప్పుడు తీసుకుంటుంది? ఒకటి రెండు కోర్లు మాత్రమే పరుగెత్తుతూ, మిగతావి పడుకున్నప్పుడు. అప్పుడు పారే కరెంటు తక్కువ. ఆరు కోర్లూ ఒకేసారి లేవగానే చిప్ తనంతట తానే వోల్టేజీ తగ్గించుకుంటుంది. మనం బయోస్‌లో స్థిరంగా అంకె రాసిపెడితే ఆ తెలివిని ఆపేసినట్టే. అధిక వోల్టేజీ, అధిక కరెంటు, అధిక వేడి మూడూ కలిసి ఉన్నంతసేపూ చిప్ లోపలి తీగలు అరుగుతూ ఉంటాయి. ఈ రోజు 4.2కు 1.35 సరిపోయిన చిప్‌కు ఏడాది తర్వాత అది చాలకపోవడం ఇందువల్లే. ఈ తరం రైజెన్‌లకు అన్ని కోర్ల భారంలో స్థిర వోల్టేజీని నేను 1.3 దాటనివ్వను.

పైగా వోల్టేజీ మూల్యం వర్గంలో పెరుగుతుంది. చిప్ తినే విద్యుత్తు సుమారుగా వోల్టేజీ వర్గాన్ని వేగంతో గుణించినంత. అతని బల్ల మీదే కాగితం తీసి వేసి చూపించాను. 1.35 నుంచి 1.25కు దిగితే వర్గాల నిష్పత్తి 0.857. వేగం 4.2 నుంచి 4.1కు దిగితే 0.976. రెండూ గుణిస్తే 0.837. వేగంలో రెండున్నర శాతం కూడా వదులుకోకుండానే వేడి పదహారు శాతం తగ్గుతుంది. అంతవరకు మూలన కూర్చుని వింటున్న వాళ్ల నాన్నగారు కాగితం తీసుకుని కళ్లద్దాలు పెట్టుకున్నారు. "అంటే ఈ చివరి వంద మెగాహెర్ట్జ్ కోసమే ఇంత మంటా సార్?" అన్నారు. నేను పావుగంట చెప్పింది ఆయన ఒక్క ముక్కలో తేల్చేశారు.

చేసిన పని

మొదట కూలర్ విప్పాలి. ఏఎం4 సాకెట్‌లో ప్రాసెసర్ కిందే 1331 సన్నని సూదులుంటాయి. వేడి కూలర్‌కు దాటేలా మధ్యలో పూసే థర్మల్ పేస్ట్ ఎండి గట్టిపడితే కూలర్‌ను నిటారుగా లాగినప్పుడు సాకెట్ పట్టు వేసి ఉన్నా సరే ప్రాసెసర్ దానికి అంటుకుని ఊడి వచ్చేస్తుంది. నాకు ఒకసారి అలా వచ్చి, కింద పడి, ఒక వరస సూదులు వంగాయి. లెడ్ తీసేసిన 0.5 పెన్సిల్ మూతిని ఒక్కో సూదికి తొడిగి, భూతద్దంలో చూస్తూ నిలబెట్టడానికి ఒక ఆదివారం పోయింది. అప్పటినుంచి పద్ధతి మార్చాను. పది నిమిషాలు పని పెట్టి పేస్ట్‌ను వేడెక్కించి, ఆపి, కరెంటు తీసి, మరలు వదులు చేసి, కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పుతాను. పట్టు విడిచిందని చేతికి తెలుస్తుంది. అప్పుడు ఎత్తాలి. ఈసారి కూడా అలాగే వచ్చింది.

పాత పేస్ట్ గోడ సున్నంలా పెళుసుగా ఉంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను. ఈ ప్రాసెసర్‌లో కోర్లున్న ముక్క మధ్యలో ఉండదు, ఒక పక్కకు ఉంటుంది. వైశాల్యం 74 చదరపు మిల్లీమీటర్లే, చిటికెన వేలి గోరంత. వేడంతా అక్కడే పుడుతుంది. అందుకని మధ్యలో ఒక్క చుక్క వేసి వదిలెయ్యకుండా, నాలుగు మూలలకూ పెసరగింజంత, నడుమ ఇంకొంచెం వేస్తాను. బ్రౌజర్ తెరిచినంత మాత్రాన ఈ చిప్‌ల అంకె పది డిగ్రీలు ఎగిరి దూకడం కూడా ఆ చిన్న వైశాల్యం వల్లే. అది చూసి ఎవరూ కంగారు పడనక్కరలేదు. నిలకడగా పని చేస్తున్నప్పటి అంకె ముఖ్యం.

కూలర్ రేకులు కడిగి ఆరబెట్టాం. సీపీయూను అరలోంచి తీసి బల్ల పక్కన, గోడకు జానెడు దూరంలో పెట్టించాను. వడ్రంగి పనికి డబ్బు పోసిన నాన్నగారికి ఇది నచ్చలేదు. ఒక పాత చిన్న ఫ్యానును వీఆర్‌ఎం వైపు తిప్పి కట్టాం. గదిలోని ఎయిర్ కూలర్ సీపీయూ వైపే తిరిగి ఉంది, దాన్నీ తిప్పించాను. బోరు నీటితో నడిచే ఎయిర్ కూలర్ ఎదురుగా సీపీయూ పెడితే కొంత కాలానికి లోపల తెల్లటి ఉప్పు పొడి కనిపిస్తుంది. తేమకు ఆ ఉప్పు తోడైతే బోర్డుకు మంచిది కాదు.

ఆ తర్వాత బయోస్‌ను మొత్తం కంపెనీ సెట్టింగులకు తెచ్చాను. అదే ఎక్స్‌పోర్ట్: 3.95 గిగాహెర్ట్జ్ అటూ ఇటూ, గాలి పీల్చే చోట 40, చిప్ 82 డిగ్రీలు, 52 నిమిషాలు. ఇక్కడ ఒక్క క్షణం ఆగి చూడండి. 64 నుంచి 52. పన్నెండు నిమిషాలు కలిసొచ్చింది చీపురు, పేస్ట్, జానెడు జాగా వల్ల. ఓవర్‌క్లాకింగ్ ఇంకా మొదలే కాలేదు.

నా సలహా ఇక్కడే ఆపెయ్యమని. అతను ఒప్పుకోలేదు. పందెం కట్టినవాడిలా, "ఎంతో కొంత పెంచు అన్నా" అన్నాడు. 1998లో వచ్చిన ఇంటెల్ ప్రాసెసర్ సెలెరాన్ 300ఏను బస్ వేగం 66 నుంచి 100కు మార్చి 450 మెగాహెర్ట్జ్‌లో నడిపిన రోజుల కథలు విని పెరిగినవాళ్లకు ఆ ఆశ పోదు. అప్పుడు ఒక్క మార్పుతో వేగం సగం పెరిగేది. ఇప్పుడు ఆ మిగులును కంపెనీయే బూస్ట్ పేరుతో పిండేసి అమ్ముతోంది. మనకు మిగిలేది గిన్నె అడుగు.

సరే, గిన్నె అడుగే గీకుదాం. లోడ్‌లైన్‌ను మధ్యస్థ స్థాయికి దించాను. అది అత్యధికంలో ఉంటే, పని ఆగిన క్షణంలో వోల్టేజీ మనం రాసిన అంకెను దాటి పైకి ఎగురుతుంది. 1.2 వోల్టుల దగ్గర 4.0తో మొదలుపెట్టాను. ఇరవై నిమిషాల ప్రైమ్95, తప్పు లేదు. అదే వోల్టేజీతో 4.1. ఏడో నిమిషంలో ఒక వర్కర్ (పరీక్షలో ఒక లెక్కల వరస) ఆగిపోయింది. ఎర్రర్ మామూలుదే: రౌండింగ్ 0.5 వచ్చింది, 0.4 కంటే తక్కువ రావాలి. కంప్యూటర్ మాత్రం చక్కగా నడుస్తూనే ఉంది, మౌస్ కదులుతూనే ఉంది. ఈ పరీక్ష లేకపోతే దాన్ని 'స్థిరంగా ఉంది' అనుకునేవాళ్లం. 1.225 పెడితే నలభయ్యో నిమిషం దాకా వచ్చి తప్పింది. 1.2375తో గంటన్నర నిలబడింది. దాని మీద ఒక మెట్టు మిగులుగా వేసి 1.25 దగ్గర ఖాయం చేశాను. అంచు దొరికిన చోటే ఇల్లు కట్టకూడదు.

ప్రైమ్95లో 90 డిగ్రీలు. అది నిజమైన ఏ పని కంటే కఠినం కాబట్టి 92 దాటితేనే ఆపుతానని ముందే అనుకున్నాను. అసలు ఎక్స్‌పోర్ట్‌లో చిప్ 83, వీఆర్‌ఎం 88, సమయం 50 నిమిషాలు. డిసెంబరులో అతను 4.2తో సాధించింది 49. తేడా నిమిషం చిల్లర. ఆ ప్రాజెక్టునే సాయంత్రం లోపు మూడుసార్లు ఎక్స్‌పోర్ట్ చేసి తాళి ఘట్టం, అప్పగింతలు ముగ్గురం కూర్చుని చూశాం. మచ్చ లేదు. మూడోసారి చూసేటప్పటికి నాన్నగారు ఆ పెళ్లివాళ్ల బంధువులందరినీ గుర్తుపట్టడం మొదలుపెట్టారు.

వచ్చే ముందు హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో 88 డిగ్రీలకు అలారం పెట్టాను. థర్మామీటర్ అక్కడే వదిలేశాను, సెన్సర్‌ను సీపీయూ ముందు జాలీకి టేపుతో అంటించి. రెండు అంకెలూ కలిపి రాసుకోమన్నాను: గాలి ఎంత, చిప్ ఎంత. తేడా 43 దగ్గర ఉన్నంతకాలం కంగారు లేదు. గది చల్లగా ఉన్నా సరే తేడా 50కి చేరితే, గొంగడి మళ్లీ నేస్తున్నట్టు లెక్క, ఊదించాలి. మిల్లుల సీజన్‌లో రెండు నెలలకోసారి తప్పదు.

ఆ తర్వాత

జూన్‌లో పదకొండు వీడియోలూ ఇచ్చేశాడు. డబ్ల్యూహెచ్‌ఈఏ ఈవెంట్ ఒక్కటీ లేదు. జులైలో ఒకసారి రీస్టార్ట్ అయిందని ఫోను చేస్తే గుండె గుభేల్‌మంది. ఈవెంట్ వ్యూయర్ ఫొటో పంపమన్నాను. కర్నెల్ పవర్ 41 ఒక్కటే ఉంది, దాని చుట్టూ ఈవెంట్ 18 లేదు. లెక్క తప్పిన జాడ లేకుండా కరెంటు తెగిపోయినట్టు మాత్రమే ఉంది. ఆ రాత్రి అక్కడ గాలివానకు కరెంటు పోయి వచ్చిందట. యూపీఎస్ వయసు ఎంతని అడిగాను. సీపీయూతో పాటే కొన్నదట, బ్యాటరీ ఇంతవరకు మార్చలేదు. కొత్త బ్యాటరీ వేయించాను.

డిసెంబరులో మళ్లీ అడిగాడు, గది 24లో ఉంది, 4.2 పెట్టుకోవచ్చా అని. బయోస్‌లో రెండో ప్రొఫైల్‌గా 4.15, 1.275 దాచి పెట్టాను, మార్చిలో తీసెయ్యాలన్న షరతు మీద. సంక్రాంతికి వెళ్లినప్పుడు చూస్తే మొదటి ప్రొఫైలే నడుస్తోంది. మార్చడం మరచిపోయాడట.